బీరువాలోని పళ్ళసెట్టు

ప్రొద్దుటూరులో ఒక పళ్ళ ఆసుపత్రి. డాక్టర్ ఉమాదేవి ముందు మైలవరం నుంచి వచ్చిన ఆర్షియా, ఆమె ఏడేళ్ళ కొడుకు నయీం.

"బీరువాలోనా? నోట్లో పెట్టుకోమని గదమ్మా చేసిచ్చింది!"

"నా నెక్లెసు డబ్బాలో, గుడ్డలో చుట్టి పెట్టినా మేడం. పెండ్లిండ్లకు, పండగలకు తీస్తాం. దినామూ పెడితే అరిగిపోతాయని..."

"పుట్టుకతోనే పండ్లు రాని పిల్లోడు. మరి దినామూ దేంతో తింటాడు?"

"మెత్తగా పిసికి పెడ్తా."

"నోరు తెరువు నాయనా. అయ్యయ్యో, చిగురంతా పుండు! బలవంతంగా పెట్టినావా?"

"నిన్న... కొంచెం ఒత్తినా. ముందు సరిపోయినవే గదా మేడం, ఇప్పుడెందుకు పట్టవో."

"పిల్లోడు పెరుగుతాండాడు, దవడా పెరుగుతాంది. సెట్టు పెరుగుతాదా? పోయినేటి చెప్పులు వానికి ఇప్పుడు పడ్తాయా? ఏడాదికోసారి తీసుకురా, మార్చి చేద్దామంటి గదా."

"రావాలనే అనుకుంటి. బస్సులో మా ఊరోళ్ళు యాడికని అడుగుతారు... ఏం చెప్పేది?"

"సరే, కొలతలు తీస్తా. కొత్తదానికి టైం పడ్తాది."

"అంత టైం లేదు మేడం. శుక్రవారం మా చెల్లెలి నిఖా. ఈ పాతదే ఏదన్నా బంక పెట్టి అతికీయండి. ఒక్కదినం. ఫోటోలు తీసేవరకు."

"పుండు మీద బంకనా? ఏం తల్లివమ్మా నువ్వు!"

"పెండ్లికొడుకు అమ్జద్ వాళ్ళకు తెలీదు. పిల్లను చూసేదానికి వచ్చిన దినం గూడా వీనికి సెట్టు పెట్టే కూర్చోబెట్టినాం. మా ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉన్నాడంటే, రేపు మా చెల్లెలికీ ఇట్లే పుడతారని, సంబంధం వద్దని లేచిపోరా? నాకు సిగ్గు లేదా మేడం... కన్నబిడ్డను నేనే దాస్తాంటే!"

"ఏడవద్దు, ఉండు. నయీం, నువ్వెందుకురా ఏడుస్తాండావు? నొప్పా?"

"అమ్జద్ మామకు తెల్సు."

"ఏందిరా? ఏం తెల్సు?"

"నాకు పండ్లు లేవని. ఆ దినం మీరంతా మిద్దె మీద ఉంటిరి. బిరియానీ తింటాంటే నొప్పయి, తీసి జోబిలో పెట్టుకుంటి. మామ చూసినాడు."

"యా అల్లా! నాకెందుకు చెప్పలేదురా?"

"మామనే వద్దన్నాడు. కడిగిచ్చి, మళ్ళా పెట్టుకోమన్నాడు. మీ అమ్మకు చెప్పొద్దప్పా, పాపం సిగ్గుపడ్తాది అన్నాడు."