మూడోసారీ జారిన పట్టా

"మళ్లీ జారిందా అన్నా?"

"నన్నడుగుతాండావా? చూడు, కాలితో తాకితే చాలు, ఊడి కింద పడె. మూడోసారి లింబాద్రీ. మూడోసారి."

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక రేకుల షెడ్డు. ఏ దేశం నుంచో కంటెయినర్‌లో వచ్చిన పాత పొలం బండి అక్కడ పెట్టె లేకుండా, ఇరుసులూ చక్రాలూ మాత్రమే మిగిలి ఉంది. దాన్ని నేషనల్ డే ఊరేగింపులో నడపాలని, ఆపైన తోటలో గడ్డిమోపులు వేసి పిల్లల్ని తిప్పాలని అర్బాబ్, అంటే అక్కడి యజమాని, సరదా. ప్రొద్దుటూరు దగ్గర బండ్లు చేసే ఇంట్లో పుట్టిన సనావుల్లాకి చెక్క చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడగడం అన్నం తిన్నంత మామూలు. మూడు చక్రాలు బిగిశాయి. నాలుగోది మాత్రం అతని పరువు తీస్తోంది. బండి కదిలిన రోజే సెలవు, టికెట్ అని ముదీర్, అంటే మేనేజరు, మాటిచ్చాడు. ఊళ్లో చిన్నకూతురు తహ్మీనా నిఖాకి రోజు కుదిరింది.

"ఇనుము మంచిది కాదేమో అన్నా."

"ఆ మూడింటికీ అదే ఇనుము."

"ఎండకేమో మరి."

"ఎండ ఈ ఒక్క చక్రం మీదనే కాస్తాదా?"

"నాకేమెర్క? నేను ఊడ్శేటోన్ని, చాయ్ ఇచ్చేటోన్ని. చాయ్ తాగు ముందుగాల."

"చాయ్ వద్దు, ఏమీ వద్దు. పెద్దపిల్ల పర్వీన్ నిఖా ఫోన్‌లో చూస్తి. దీనిది గూడా అట్లే చూడాల్నా? నా చేతులే పోయినట్టుండాయి. కొలత తప్పుతాండా. అయినా మూడు సార్లు ఎట్లా తప్పుతాది?"

"నీ చేతులకేం కాలే."

"నీకెట్లా తెలుసు?"

"ఊకెనే అన్న."

"ఉండు. ఇట్లా రా. ఈ చెక్క సందులో వేలు పెట్టు."

"ఎందుకన్నా?"

"పెట్టమన్నా కదా."

"...సల్లగున్నది."

"చల్లగా కాదు, తడిగా ఉండాది. వానొచ్చిందా షెడ్డులోకి? పైన ఆరినట్టే ఉండాది, లోపలంతా నీళ్లు. ఎవరు పోసినారు?"

"అన్నా, అది... మా ఊళ్ల అలవాటు. ఎండకాలం బండి చక్రం వదులైతే కాలువల నానేస్తరు గద. గట్లనే, పోతపోత పైపు పట్టిన."

"ఎప్పుడు?"

"సాయంత్రాలు. నువ్వు బస్సెక్కినంక, ఊడ్వనీకి నేను ఆగుత గద."

"ఓరి నీ పాసుగూల. పట్టా ఉన్న చక్రాన్ని నానేస్తారు, బిగుస్తాది. పట్టా లేని చక్రానికి ఎవరన్నా పోస్తారా? పొద్దున్నే ఉబ్బిన చెక్కకు కొలత తీస్తి. ఆ కొలతకు పట్టా చేస్తి. చెక్క ఆరి ముడుచుకుంటే జారక ఏం చేస్తాది? నేను పిచ్చోడి మాదిరి ఇనుమును తిట్టుకుంటా ఉండా."

"తప్పైంది అన్నా."

"తప్పైందంటే సరిపోతాదా? తెలీక పోసినావు, సరే. మొదటిసారి జారినప్పుడన్నా చెప్పొద్దా?"

"తెల్వక పోయలే."

"ఏందీ?"

"మా నాయన గూడ బండి తోలెటోడే. పట్టా లేని చక్రానికి నీళ్లు పోస్తే ఏమైతదో నాకెర్కనే. తెలిసే పోసిన."

సనావుల్లా చేతిలోని సుత్తి కింద పెట్టాడు. ఒకే గదిలో ఒకే కుండలోది తిని బతికినవాడు ఇలా చేస్తాడని అతనికి నమ్మబుద్ధి కాలేదు.

"నీకు నేనేం అన్యాయం చేసినా లింబాద్రీ? జ్వరమొస్తే గంజి కాచి పోస్తి. నా బిడ్డ నిఖా అని నీకు తెలుసు కదా."

"తెలుసన్నా."

"తెలిసి గూడా అడ్డం పడితివి."

"నిఖా దాక ఆపుదామని కాదు. పరేడ్ దగ్గరికొస్తే వాళ్లకు గాబరా పుడ్తది. ఇంకో మేస్త్రీ యాడ దొరుకుతడు? అప్పుడు నువ్వేమడిగితే అది ఒప్పుకుంటరనుకున్న. జర మెత్తవడ్తరని."

"నేనేం అడగాలిరా వాళ్లను? సెలవు ఇస్తామన్నారు, టికెట్ ఇస్తామన్నారు. ఇంకేం కావాల నాకు?"

"చాయ్ ఇయ్యవోయిన ఆ రోజు. మూడో చక్రం అయిన రోజు. ముదీర్ ఫోన్ల మాట్లాడుతున్నడు. బండి అయితే చెక్క పని ఖలాస్ అన్నడు."

"అంటే అనుకోనీ. ఇనుప పని లేదా, వెల్డింగు లేదా? నిఖా చేసుకోని నెల దినాల్లో వచ్చేస్తా. మా ఇంటామె రహమత్‌బీకి గూడా చెప్తి, ఇంకో రెండేండ్లు ఓర్చుకో, ఇంటి మీద కప్పు పడతాదని. ఇంతదానికి నాకు చెప్పకుండా చక్రం తడుపుతావా?"

"నువ్వు రోజూ ఆమెకు గదే చెప్తుంటే ఎట్ల చెప్పాలన్నా?"

"ఏం చెప్పాల? నాన్చకుండా చెప్పు."

"ముదీర్ నీకు తీస్తున్నది పోయే టికెట్ ఒక్కటే అన్నా."