బొట్టు కింద తుప్పు

అధ్యక్షులు, మా సేటు పాండురంగం గారికి, నా వీడ్కోలు సభకు వికారాబాద్ నుంచి శ్రమపడి వచ్చిన పెయింట్ల దుకాణం పెద్దలకు, ఈ వెల్డింగ్ షెడ్డులో ముప్పై ఏళ్లు నాతోపాటు తిన్నర్ వాసన పీల్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం. మీరంతా పొగుడుతుంటే ఈశ్వర్ అంటే ఇంకెవరో అనుకుని నేనూ చప్పట్లు కొట్టాను. (నవ్వులు)

ఈశ్వర్ రంగేసిన ఇనుము తుప్పు పట్టదని సేటు గారు ఇప్పుడే అన్నారు. రంగు చూపుకేనండీ. ఇనుమును కాపాడేది కింద ఉండే ఎర్ర ప్రైమర్, ఆ ప్రైమర్‌కు పట్టు దొరికేది తుప్పూ జిడ్డూ లేకుండా గీకి తుడిచిన ఇనుము మీదే. ఆ పని ఒకప్పుడు మొగులమ్మది. అదిగో, తలుపు దగ్గర కూర్చుంది. తిన్నర్‌లో ముంచిన తెల్లబట్టతో జిడ్డు తుడిచి, బట్ట నల్లబడితే మళ్లీ మొదటి నుంచి గీకేది.

పదకొండేళ్ల కింద బషీరాబాద్ వైపు ఒక నాపరాళ్ల పాలిష్ యూనిట్‌కు పన్నెండు స్తంభాలు చేసిచ్చాం. పొద్దంతా నీళ్లు చిమ్మే చోటు. ఏడాది తిరగకముందే రంగు పొక్కులు లేచింది. సేటు గారు నన్నడిగితే, "మొగులమ్మ సక్కగ గీకలే సేటూ" అన్నాను. ఆ రోజు నుంచి ఆమెను మోత పనికే పెట్టారు.

మరునాడు బాగుచేయడానికి నేనే పోయాను. పన్నెండు స్తంభాలకూ ఒకే ఎత్తున, అరచెయ్యంత మేర ఊడింది. ప్రైమర్‌కు ముందు పూజ చేసి, నూనెలో కలిపిన కుంకుమ ప్రతి స్తంభానికీ ఆ ఎత్తునే పెట్టింది నేను. జిడ్డు మీద ప్రైమర్ పట్టలేదు, సందులోకి నీళ్లు చేరాయి. అంతా తెలిసింది. పెద్ద మేస్త్రీనన్న పేరు పోతుందని నోరు మూసుకున్నాను. సిగ్గుగా ఉందండీ.

ఏం మొగులమ్మా, లేచావు? చెప్పు, అందరూ వింటారు.

"నాకు గప్పుడే ఎర్కనే అన్నా. తిన్నర్ బట్టతోని తుడుస్త అంటే, బొట్టు తుడుస్తె మంచిది గాదు, చెయ్యి తియ్యి అని నువ్వే అంటివి గదా."

అవును. అన్నాను.

సేటు గారూ, ఈ శాలువాకు కృతజ్ఞతలు. ఒక్క కోరిక. రేపటి నుంచి మొగులమ్మ చూసి సరేననేదాకా ఇక్కడ ప్రైమర్ డబ్బా మూత తీయకండి. బొట్టును ఆరిన రంగు మీద పెట్టుకోండి, దేవుడేమీ అనుకోడు. (నవ్వులు)

ఇంతసేపు విన్నందుకు ధన్యవాదాలు. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను. నీ దగ్గర మాత్రం అడుగుతున్నాను, మొగులమ్మా. నువ్విస్తేనే, సెలవు.