ఎవరి కార్డో చెప్పని హేమావతి గారు

1989వ సంవత్సరం ఆగస్టు ఇరవై ఒకటవ తేదీన కణేకల్ మండలంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి హేమావతి గారు, ముప్పై ఆరేళ్లకు పైబడిన ఉపాధ్యాయ వృత్తికి ఈ ఏప్రిల్ మాసాంతాన వీడ్కోలు పలుకుతున్నారు. ఆ తొలిరోజున బడి తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కునేసరికే మధ్యాహ్నమైందనీ, అంతదాకా పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించాననీ వారే నవ్వుతూ చెబుతుంటారు.

2003లో భౌతికశాస్త్ర ఉపాధ్యాయినిగా పదోన్నతి పొంది గుత్తికి, అటుపై 2014లో పామిడి మండలంలోని మన ఉన్నత పాఠశాలకు విచ్చేశారు. వారి వాత్సల్యం ఎంత ప్రసిద్ధమో కోపమూ అంతే ప్రసిద్ధం. ప్రయోగశాలలో గాజునాళిక పగిలితే ఊరుకుంటారు గానీ, కడగకుండా వదిలేస్తే మాత్రం ఆ రోజు స్టాఫ్‌రూములో మేమెవరమూ గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు.

పాఠం ముగియగానే "అర్థమైందా?" అని అడగడం, తరగతి యావత్తూ "అయింది టీచర్!" అని ఒక్క గొంతుతో పలకడం మన బడులన్నింటా ఉన్న ఆచారమే. కరోనా అనంతరం బడులు తెరిచిన ఏడాది వారికి ఆ ఆచారం మీద అనుమానం పుట్టింది. ఒక శిక్షణ తరగతిలో చూసివచ్చిన కార్డుల పద్ధతిని మన బడికి తెచ్చారు. ప్రతి విద్యార్థికీ నలుపు గళ్లున్న ఒక కార్డు ఇస్తారు. దాని నాలుగు అంచులూ నాలుగు జవాబులు. తాము ఎంచుకున్న జవాబు అంచును పైకి పెట్టి పిల్లలు కార్డు ఎత్తితే, టీచరు చేతిలోని ఫోను వాటన్నింటినీ ఒక్క చూపులో చదివేస్తుంది. ఏ రెండు కార్డుల గళ్లూ ఒక్కలా ఉండవు కనుక పక్కవాడిది చూసి ఎత్తడం కుదరదు. గోడ మీది తెరపై కార్డు అంకె పక్కన ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎరుపు కనిపిస్తుంది. పేర్లు టీచరుకు తప్ప ఎవరికీ తెలియవు. "ఎవరి కార్డు ఏదో నేను ఎన్నటికీ బయటపెట్టను" అని మొదటిరోజే పిల్లలకు మాట ఇచ్చారు.

ముక్తకంఠంతో "అయింది" అన్న తరగతి మొదటిసారి కార్డులెత్తినప్పుడు తెర నిండా ఎరుపే. ఇన్నేళ్లూ తాను చెప్పిన పాఠాలు ఎక్కడికి పోయాయోనని ఆ రోజు హేమావతి గారు క్యారియర్ విప్పనైనా లేదు. మరునాడు అదే పాఠాన్ని మొదటినుంచీ మళ్లీ చెప్పారు. ఆ తరువాత ఈ పిచ్చి ఇంటిదాకా పాకిందనీ, "కూరలో ఉప్పు సరిపోయిందా అంటే నన్నూ కార్డు ఎత్తమంటాది" అనీ వారి శ్రీవారు చంద్రమోహన్ గారు మా దగ్గర మొరపెట్టుకున్నారు.

ఆ రోజుల్లో తొమ్మిదో తరగతిలో సుంకమ్మ అనే అమ్మాయి ఉండేది. హాజరు పిలిస్తే చెయ్యెత్తడమే తప్ప బడిలో ఆమె గొంతు విన్నవారు లేరు. ఆమె తండ్రి ఎర్రన్న ఒకనాడు వచ్చి, "మాట పలకని పాప ఈడ కూర్చోని ఏం జేస్తాది మేడం? చెనక్కాయల మిషన్ కాడ పని ఉండాది, పంపిస్తా" అన్నాడు. అమ్మాయి జవాబులు చాలావరకు సరిగ్గానే ఉంటున్నాయని హేమావతి గారు ఎంత చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. "ఫోన్లో చూసి చెప్తే ఎట్ల నమ్మేది మేడం? నోటితో ఒక్కసారి చెప్పనీండి, నేనే చదివిస్తా." దసరా సెలవుల దాకా ఆగమని మాత్రం ఒప్పించగలిగారు. ఆ బిడ్డ నోరు విప్పకపోతే బడికి దూరమవుతుందన్న దిగులు ఆ నెలంతా వారిని వదల్లేదు.

అంతలో ఈ పద్ధతిని పరిశీలించడానికి జిల్లా నుంచి ఒక అధికారి వచ్చారు. పైకి విసిరిన రాయి కొనకు చేరి క్షణకాలం ఆగినప్పుడు భూమి దాన్ని లాగుతుందా, లేదా అన్నది హేమావతి గారు వేసిన ప్రశ్న. తరగతి ఒక్క క్షణం ఆలోచించింది. ప్రథమ ర్యాంకు విష్ణువర్ధన్ రెండుసార్లు దగ్గాడు. కార్డులన్నీ ఒకేసారి లేచాయి. తెరంతా ఎరుపు, ఒకే ఒక్క అంకె పచ్చ. ఒక దగ్గుకు మొదటి జవాబు, రెండు దగ్గులకు రెండోది అని పిల్లలు ముందే కూడబలుక్కున్నారట. పాపం విష్ణువర్ధన్‌కు తొందరలో తప్పు దగ్గు వచ్చింది. నిలదీస్తే తలలు దించుకుని, "ఆఫీసరు ముందర మీకు తలవంపులు రాకూడదని చేసినాం టీచర్" అన్నారు. హేమావతి గారికి కోపం రావలసిన చోట కళ్లలో నీళ్లొచ్చాయి.

అధికారి మాత్రం ఆ పచ్చ అంకె వైపే చూస్తూ, "ఈ కార్డు ఎవరిదమ్మా?" అని అడిగారు. ఫోనులో సుంకమ్మ పేరు కనిపిస్తూనే ఉంది. చెబితే ఆ అమ్మాయికి అధికారి మెప్పు దక్కుతుంది, ఎర్రన్న చెవినా పడుతుంది. కానీ ఒకరి పేరు బయటపడ్డాక రేపటినుంచి ఏ బిడ్డయినా భయం లేకుండా కార్డు ఎత్తుతుందా? హేమావతి గారు ఫోను బోర్లించారు. "క్షమించండి సార్. ఎవరిదో చెప్పనని పిల్లలకు మాటిచ్చినాను."

చివరి బెంచీలో కదలిక. సుంకమ్మ లేచి నిలబడింది.

"నాది సార్. భూమి లాగకుంటే ఆ రాయి ఆడే ఉండిపోవాల గదా. కిందికి ఎట్లొస్తాది?"

మరునాడు పొద్దున్నే ఎర్రన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మా పాప నోరు తెరిసి మాట్లాడినాదంట. నిజమేనా మేడం?" నిజమేనని వారు చెప్పగా, "అట్లయితే ఈడనే ఉండనీ మేడం" అని వెళ్లిపోయాడు.

సుంకమ్మ నేడు అనంతపురంలో పాలిటెక్నిక్ చదువుతోంది. ఈ సంచికలో ఏం రాయమంటావని ఫోన్ చేసి అడిగితే, ఇలా అంది: "ఆయమ్మ నా పేరు చెప్పలేదు సార్. దానికే నేను చెప్పినా."

ఇన్నేళ్లు నిలబడి పాఠం చెప్పిన ఆ మోకాళ్లకు ఇకనైనా విశ్రాంతి దొరకాలనీ, చంద్రమోహన్ గారి తోడుగా హేమావతి గారు నిండు ఆరోగ్యంతో, మనశ్శాంతితో నూరేళ్లు చల్లగా జీవించాలనీ, ఏ బిడ్డ పలకరించినా బదులు పలికే తీరిక వారికి ఎల్లప్పుడూ ఉండాలనీ మన పాఠశాల యావత్తూ మనసారా కోరుకుంటోంది.