తోడు టికెట్

నడవలేని కొడుకును ఒళ్లో పెట్టుకుని ఆ తల్లి రాయితీ కార్డు చూపించింది. కండక్టర్ టికెట్ కొట్టలేదు.

"బాబుకీ, తోడొచ్చినావిడకీ ఇందాకే రాయితీ కొట్టేశానమ్మా. మీకు ఫుల్ టికెట్టే."

"తోడు నేనే కదన్నా. ఎవరికిచ్చారు?"

"మీ పక్కనే కూర్చుని వాడి పాదం నిమురుతున్నారే, ఆ పెద్దావిడకి. నానమ్మనన్నారు."

పక్క సీటు ఖాళీగా ఉంది. పాదం నిమిరే అలవాటు అత్తగారిది. ఆవిడ పోయి ఏడాదైంది.

"ఎందాకా తీసుకున్నారు?"

"ఆసుపత్రికి ముందొచ్చే శ్మశానం స్టాపు. ఇద్దరూ అక్కడే దిగుతారట."

ఆమె కొడుకును గుండెకు అదుముకుంది.

"రాయితీ తోడు ఒక్కరికేగా?"

"ఒక్కరికే."

"అయితే అది నాకివ్వండి. అత్తయ్యా, వీడికి నేనున్నాను. మీరొక్కరే దిగండి."

బస్సు ఆగింది. కండక్టర్ పక్కకు జరిగి ఎవరికో దారిచ్చాడు.