రేపయ్య ముఖం

పగటివేళ, మేడమీద గది. బొమ్మలు వేసే బల్ల దగ్గర చెల్లెలు. గుమ్మంలో అన్న, చేతిలో సంచి.

“ముఖం మార్చు. అంతే. ఇంకేం అడగడం లేదు.”

“ముందు చెప్పులు విప్పి లోపలికి రా, అన్నయ్యా. చూసుకుని నడువు. కాగితాలు ఆరుతున్నాయి, తొక్కుతావు.”

“మారుస్తావా, మార్చవా?”

“మార్చను. మంచినీళ్ళు తాగుతావా? బిందెలో ఉన్నాయి. కొళాయి ఇంకా రాలేదు. ఎందుకు రాలేదో నీకే బాగా తెలుసు.”

“నీళ్ళు కాదు కావలసింది. నా ముఖం నాకు కావాలి.”

“నీ దగ్గరే ఉంది కదా.”

“పొట్టీ, వేళాకోళం వద్దు. నీ పుస్తకంలో ఆ రాక్షసుడు... ఏం పేరు పెట్టావు వాడికి?”

“రేపయ్య.”

“ఆ, రేపయ్య. నీళ్ళ ఆఫీసులో కౌంటరు వెనక కూర్చుంటాడు. ఎవరొచ్చినా ‘రేపు రండి’ అంటాడు. నేనూ నీళ్ళ ఆఫీసులో కౌంటరు వెనకే కూర్చుంటాను. నేనూ ‘రేపు రండి’ అనే అంటాను. వాడి ముక్కు నాది, గడ్డం నాది, ఆ చూపు నాది. ఇంకెవరికైనా అనుమానం ఉంటుందా?”

“చదివావన్నమాట! మొదటి పుస్తకం చేతికిస్తే ‘బొమ్మల కథలు పిల్లలకి’ అని తిరిగిచ్చేశావు.”

“నేను చదవలేదు. నాకు చదివి వినిపించారు. కిటికీ అవతల, క్యూలో నిలబడి, గట్టిగా. ఒకడు రేపయ్య మాటలు చదివితే ఇంకొకడు వాడితో పోట్లాడే లాంతరమ్మ మాటలు చదివాడు. నాటకంలా. నిన్నగాక మొన్న ఒకాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి, ‘రేపయ్యగారూ, ఒక్క సంతకం’ అన్నాడు. తీరా చూస్తే నీ పుస్తకం.”

“చేశావా?”

“నవ్వు. బాగా నవ్వు. బడిలో మా పాపని ‘రేపూ, రేపూ’ అని పిలుస్తున్నారు. దాని పేరే మర్చిపోయారు.”

“పాపనా?”

“పాపనే.”

“అది నాకు తెలియదు.”

“ఇప్పుడు తెలిసిందిగా. మార్చు.”

“పాపతో నేను మాట్లాడతాను. ముఖం మాత్రం మార్చను.”

“ఏం మొండిదానివే!”

“ఐదు పుస్తకాలు వచ్చాయి. ఇది ఆరోది, ఆఖరిది. సాయంత్రం ప్రెస్సుకి వెళ్తోంది. ఐదింటిలో ఒక ముఖం పెట్టి ఆరోదాంట్లో ఇంకో ముఖం పెడితే చదివేవాళ్ళు నన్ను బతకనిస్తారా?”

“మీసం పెట్టు.”

“రాత్రికి రాత్రి మొలిచిందా?”

“కళ్ళజోడు పెట్టు.”

“రేపు నువ్వు కళ్ళజోడు పెట్టుకొస్తే ఎవరండీ మీరు అని అడుగుతానా?”

“పోనీ వాణ్ణి వెనకనుంచి గియ్యి. వీపు చూపించు. ముఖం కనపడదు, నీ కథా ఆగదు.”

“వీపు చూపించినా పట్టేస్తారు. ఎవరి బొమ్మైనా సరే, మొత్తం నల్లగా నింపేసినా అది ఎవరో తెలియాలి. తెలియకపోతే ఆ బొమ్మ పనికిరాదని లెక్క. రేపయ్యని నల్లగా నింపి చూశాను. ఒంగిన భుజం, కుర్చీలో దిండు. ఇట్టే తెలిసిపోతాడు.”

“ఓహో, భుజం కూడా నాదేనా?”

“నేను అనలేదు. నువ్వే అంటున్నావు.”

“సరే. ఈ గోడ నిండా తలలున్నాయిగా. అన్నీ మొసలి తలలే. వాటిలో ఒకటి తీసి వాడికి తగిలించు. రాక్షసుడన్నాక మొసలి తల ఉంటే ఎవరైనా కాదంటారా?”

“వాటిని ముట్టుకోకు. అవి నేను పనిచేసే కంపెనీవి.”

“గీసింది నువ్వేగా?”

“గీసింది నేనే. నావి కావు. వాళ్ళ వీడియో గేములో మొసలిమనిషి ఉంటాడు. వాడు ఎలా ఉండాలో ముందు నేను బొమ్మ వెయ్యాలి. ఇన్ని తలలు వేసి పంపితే ఒకటి తీసుకుంటారు. దానికి పళ్ళు పెంచమంటారు, పెంచుతాను. తోక తీసెయ్యమంటారు, తీసేస్తాను. మర్నాడు తోకే బాగుందంటారు, మళ్ళీ పెడతాను. ఉద్యోగం.”

“పరాయివాళ్ళు చెబితే తోకలు పెడతావు. తోడబుట్టినవాడు చెబితే మీసం పెట్టవు.”

“అక్కడ అన్నిటికీ తల ఊపుతాను కాబట్టే ఇక్కడ ఊపను. నాదంటూ ఉన్నది ఈ బల్ల మీదిదొక్కటే, అన్నయ్యా. దీంట్లో ఎవరో చెప్పారని ఒక్క గీత మారదు. నువ్వు చెప్పినా మారదు, అమ్మ చెప్పినా మారదు.”

“నా ముఖం నీ సొత్తు ఎప్పుడైంది?”

“నీ ముఖం కాదు అంటున్నా.”

“కళ్ళెదురుగా పెట్టుకుని బొంకుతావేం?”

“దా. ఇలా ఈ కుర్చీ లాక్కో. ఈ అద్దంలోకి చూడు.”

“నా ముఖం నేను ఇంట్లో చూసుకున్నాను.”

“నీది కాదు, నాది చూడు. రేపయ్యకి విసుగొచ్చింది. ఇదిగో. కోపమొచ్చింది. ఇదిగో. కిటికీ దగ్గర ఎవరో ఏడుస్తున్నారు, వాడికి పట్టదు. ఇదిగో.”

“అమ్మో.”

“ఏమైంది?”

“అది నేనే!”

“నేను. బొమ్మల కథలు వేసేవాళ్ళం ఇలాగే చేస్తాం. బల్ల మీద అద్దం పెట్టుకుని, పిచ్చి ముఖాలు పెట్టి, వాటినే గీస్తాం. గంటలకొద్దీ కదలకుండా కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? నువ్వు కూర్చున్నావా ఎప్పుడైనా? అందుకని లాంతరమ్మా నేనే, రేపయ్యా నేనే. మనిద్దరికీ అమ్మ ముక్కే వచ్చింది. నేనేం చెయ్యను?”

“నమ్మను.”

“రేపయ్య కనుబొమ్మ చూడు. మధ్యలో గాటుందా?”

“ఉంది.”

“నీకుందా?”

“లేదు.”

“నాకుంది. ఉయ్యాల మీంచి తోసేశావు, గుర్తుందా?”

“తొయ్యలేదు. నువ్వే జారావు. ఆగాగు... నీ గాటు ఎడమవైపు. వాడిది కుడివైపు. దొరికావు!”

“అద్దంలో చూసి గీస్తే ఎటు పడుతుంది?”

“అద్దంలో... ఇటు... ఓ.”

“నాలుగు పుస్తకాలు అచ్చయ్యాక నాకే తట్టింది. అప్పుడిక దిద్దితే ఏం లాభం? అలాగే ఉంచేశాను. దిండు మాత్రం నీదే, ఒప్పుకుంటాను. వదిన కుట్టిన పూల దిండు.”

“దాని ఊసెత్తకు.”

“ఇంతకీ ఆ సంచిలో ఏంటి? దిండులాగే ఉంది.”

“ఏం లేదు. ఉతకాలి.”

“ఇవాళ ఆఫీసు లేదా?”

“నేను అడిగినదానికి ముందు నువ్వు చెప్పు.”

“చెప్పానుగా. మార్చను.”

“గాటు సంగతి నువ్వు చెబితే నాకు తెలిసింది. క్యూలో ఉన్నవాళ్ళకి ఎవరు చెబుతారు? అద్దం పట్టుకొచ్చి ఒక్కొక్కరి ముందూ ముఖాలు పెడతావా?”

“అయితే నువ్వు ‘రేపు రండి’ అనడం మానెయ్.”

“సరదాకి అంటున్నాననుకున్నావా? లోపలి గదిలో ఆఫీసరు కూర్చుంటాడు. కాగితం పంపితే సంతకం పెట్టడు. పెట్టనని కూడా అనడు. ‘రేపు రమ్మను’ అంటాడు. అదే మాట నేను కిటికీలో అప్పజెబుతాను. మాట ఆయనది, తిట్లు నాకు. నీ పుస్తకాల్లో ఆ లోపలి గది ఏది? ఐదు పుస్తకాలు వెతుకు. ఎక్కడైనా ఉందా?”

“లేదు.”

“ఏం? ఎందుకు లేదు?”

“నాకు కనపడలేదు కాబట్టి. కొళాయి కోసం నేనూ మీ ఆఫీసుకి వచ్చాను, మర్చిపోయావా? నాకూ ‘రేపు రా’ అన్నావు.”

“చెల్లెలివని నిన్ను ముందుకి పంపిస్తే వెనకాల ఉన్నవాళ్ళు...”

“ముందుకి పంపమని అడిగానా? అందరితో పాటే నిలబడ్డాను. నిలబడ్డవాళ్ళకి లోపలి గది కనపడదు, అన్నయ్యా. కిటికీలో ఉన్న మనిషే కనపడతాడు. మొదటి పేజీ ఆ క్యూలోనే గీసుకున్నాను.”

“మరి రేపయ్య నేను కాదన్నావు!”

“ముఖం నీది కాదన్నాను. మాట నీది కాదని ఎప్పుడన్నాను?”

“నువ్వూ, నీ నోరూ.”

“ఉండు, ప్రెస్సాయన ఫోను. హలో... ఆ, ఆఖరి పేజీ ఆరుతోందండీ. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి. లేదు, మార్పులేం లేవు. ఉండవు. సరేనండీ.”

“నాకు వినపడాలనే గట్టిగా అన్నావు.”

“అవును.”

“ఏదీ, ఆ ఆఖరి పేజీ చూపించు.”

“అచ్చయ్యాక కొనుక్కో.”

“పొట్టీ.”

“చూడు. వేలు పెట్టకు, సిరా తడిగా ఉంది.”

“ఇదేంటి, లాంతరమ్మ చేతిలో లాంతరేది?”

“విసిరేసింది. కౌంటరు మీదికి.”

“మంటలు... కాగితాలన్నీ... వీడేంటి, ఇంకా కూర్చునే ఉన్నాడు?”

“కూర్చునే ఉంటాడు. రేపయ్య కుర్చీలోంచి లేవడు. మొదటి పుస్తకం నుంచీ ఒక్కసారి కూడా లేవలేదు.”

“ఒళ్ళు కాలుతున్నా?”

“ఒళ్ళు కాలుతున్నా ‘రేపు రండి’ అనే అంటాడు. చూడు, మంట పైన రాశాను.”

“ఇది తప్పు.”

“కథ నాది.”

“కథ నీదే. ముఖం కూడా నువ్వే ఉంచుకో, ఇక అడగను. ఈ బొమ్మ తప్పు అంటున్నాను. వాడు లేస్తాడు.”

“లేవడు. అలాంటివాళ్ళు లేవరు, అన్నయ్యా.”

“లేస్తారు.”

“ఎక్కడైనా చూశావా?”

“నిన్న లేచాను.”

“ఏంటి?”

“ఒక ముసలావిడ వచ్చింది. నీ లాంతరమ్మలా కాదు. లాంతరూ లేదు, కేకలూ లేవు. నేను నోరు తెరవకముందే, ‘రేపే కదా నాయనా’ అని తనే అనేసి వెనక్కి తిరిగింది. నా మాట నాకు మిగల్చలేదు.”

“నువ్వేం చేశావు?”

“ఆగమన్నాను. లేచాను. ఆవిడ కాగితం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి, ‘ఇవాళ’ అన్నాను.”

“ఇవాళ అంటే?”

“ఇవాళే సంతకం పెట్టమని. ‘మతి ఉందా, రేపు చూద్దాం పో’ అన్నాడు. ‘పెడితే ఇవాళ పెట్టండి. లేకపోతే మీరే కిటికీలోకి వచ్చి పెట్టనని చెప్పండి. ఆ మాట ఇక నా నోటితో చెప్పను’ అన్నాను. తలుపు తీసే ఉంది. క్యూలో అందరూ విన్నారు.”

“పెట్టాడా?”

“అంతమంది చూస్తుంటే పెట్టక ఏం చేస్తాడు? కాగితం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ అటు వెళ్ళగానే నన్ను పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు.”

“అన్నయ్యా... ఆ సంచి...”

“దిండే. పొద్దున వెళ్ళి తెచ్చుకున్నాను. మీ వదిన కుట్టింది, వాళ్ళకెందుకు వదిలెయ్యాలి? ఇంట్లో ఇంకా చెప్పలేదు. కాళ్ళు ఇటు తీసుకొచ్చాయి.”

“వచ్చినప్పటినుంచీ ముఖం, మీసం అని నా బుర్ర తింటున్నావు! ఈ మాట ముందే చెప్పొచ్చుగా?”

“చెబితే జాలిపడి మార్చేదానివి.”

“నేనా?”

“ఏమో. ఆ కుర్చీలో నేను లేనప్పుడు నా ముఖం అక్కడెందుకని వచ్చాను. అది నీ ముఖమైతే నీ ఇష్టం. ఈ బొమ్మ మాత్రం మార్చు. జాలిపడి కాదు. తప్పు కాబట్టి.”

“ఒక్క గీత మార్చనని చెప్పాను కదా.”

“ఎవరో చెప్పారని మార్చనన్నావు. నేను చెప్పడం లేదు. జరిగింది.”

“...ఆ ఫోను ఇలా ఇవ్వు. హలో, ప్రెస్సాయనా? నేనేనండీ. ఆఖరి పేజీ మళ్ళీ వెయ్యాలి. అవును, మొత్తం. సాయంత్రం కాదండీ. రేపు రండి.”

“ఏమన్నావూ?”

“ఏం లేదు.”

“రేపు రండి అన్నావు! విన్నాను!”

“నోరు మూసుకుని ఆ కుర్చీలో కూర్చో. దిండు తీసి వేసుకో.”

“ఎందుకు?”

“వేసుకో. ఆ, ఇప్పుడు లే. నిన్న ఎలా లేచావో అలాగే.”

“ఎలా లేచానో నాకేం గుర్తు?”

“ఆవిడ కాగితం ఏ చేతిలో ఉంది?”

“ఎడమచేతిలో.”

“అయితే ఆ చేత్తో ఒక కాగితం పట్టుకుని లే. సగంలో ఆగు. రెండో చెయ్యి కౌంటరు మీద ఉన్నట్టు బల్ల మీద పెట్టు. అదీ.”

“నడుం పట్టేస్తుంది, త్వరగా కానివ్వు. ఇదేంటి, అద్దం గోడవైపు తిప్పేశావు?”

“ఈ ఒక్క బొమ్మకి నా ముఖం పనికిరాదు. కనుబొమ్మ మీద గాటు లేకుండా వేస్తున్నాను. చూసినవాళ్ళందరూ అది నువ్వేననుకోవాలి. కదలకు.”