వంటా వార్పు నాడు మొరాయించిన బండి

"తాతా, కారు పొద్దున నాలుగుసార్లు తిప్పితే గని అందుకుంటలేదు. ఆదివారం చూపిస్త తీ."

ఆదివారమా? ఉగాదికి చూపియ్ బిడ్డా, ఇంకా మంచిగుంటది. ఇటు రా, కూసో. ఆఫీసు యాడికి పోదు. ముందుగల చెప్పు, తాళం తిప్పితే ఎట్ల మూలుగుతుంది? గుర్... గుర్ర్... అని సాగదీస్తుందా, ఉత్తగ టక్కుమని ఊకుంటుందా? సాగదీస్తుందా. అయితే ఇంకా జర పానముంది. టక్కుమన్ననాడు నువ్వు ఎంత తిప్పినా ఒకటే. హారన్ కొట్టి చూసినవా? గొంతు పోయినోని తీరు వస్తది. తాళం తిప్పంగనే ముందటి లైట్లు మసకవడ్తయి. బానెట్ లేపి చూడు, ఆ వైర్లు బిగిచ్చే బుడిపెల మీద సున్నమోలె తెల్లగ పేరుకుంటది, బ్యాటరీ డబ్బా పక్కలు ఉబ్బుతయి. నలభై ఏండ్లు కిరాయి బండి నడిపినోన్ని, నాకు తెల్వదా? తెల్సు. తెల్సి తెల్సి చేసిన తప్పు అది. అందుకే నువ్వు ఆదివారం అంటే నాకు కోపమొస్తుంది.

సుబ్బారావు సారు యాదికున్నడా నీకు? ఉండడు తియ్, నువ్వప్పుడు రెండో తరగతి. కాదు కాదు, మూడు. మనం ఎల్బీ నగర్‌ల కిరాయికుండె కదా, గోడకు గోడ పక్క పోర్షన్ వాళ్ళది. తెనాలి దిక్కు మనుషులు. సారు దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ సెంటర్‌ల లెక్కలు చెప్తుండె. మీ చిన్నాయన డిగ్రీల లెక్కల పేపరు తప్పితే, మూడు నెలలు ఎదురుంగ కూసుండవెట్టుకొని చెప్పి పాస్ చేయించిండు. పైస అడగలే. నేను మొహమాటపడి ఒకనాడు సీతాఫలాలు తీస్కపోతే, "ఇవెందుకండీ" అనుకుంటనే నా ముందటనే రెండు తిన్నడు. గసొంటి మనిషి.

ఇగ తెలంగాణ కోసం కొట్లాట జోరు మీదున్న రోజులు. ఇయ్యాల బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఇంకోటి. నేను జెండా పట్టినోన్నే, చెప్పుకునేటందుకు సిగ్గేముంది? మా నల్లగొండల నీళ్ళు లేక ఇడిసివెట్టి వచ్చినోళ్ళం, మాకు కడుపు మంట ఉండదా? కని సారు మీద నాకేం కోపం? ఆయన మీద లేదు. అయినా ఒకటి చెప్తా, మేం ఇంట్ల వార్తలు పెట్టంగనే అటుదిక్కు వాళ్ళ టీవీ చప్పుడు తగ్గేది. వాళ్ళది మోగితే మేం తగ్గిస్తుంటిమి. ఎవ్వరు ఎవ్వర్ని ఏమనలే. మాటలు మాత్రం తక్కువైనయి.

బంద్ రోజు కిరాయికి పిలిస్తే మా డ్రైవర్లమంతా ఒకటే మాట చెప్పేటోళ్ళం. "బ్యాటరీ డౌన్ అయింది సార్." అద్దాలు పగులుతయని భయమంటే ఇజ్జత్ పోతది, బంద్‌కు మేం కూడ ఒప్పుకున్నమంటే గిరాకీ పోతది. బ్యాటరీ మీద తోసేస్తే ఎవ్వడు అడగడు. స్టాండ్‌ల అందరికి అలవాటైపోయింది. గా రోజులల్లనే ఒక బంద్ నాడు సారు, ఆయన భార్య, అమ్మా అనే పిలుస్తుంటి నేను, ఇద్దరు మంచి బట్టలేసుకొని వచ్చిండ్రు. సైదాబాద్‌ల వాళ్ళ చుట్టాలది గృహప్రవేశమంట. నేను గట్లనే చెప్పిన, బ్యాటరీ డౌన్ సార్ అని. సారు నమ్మిండు. అయ్యో, జాగ్రత్తగా చూపించుకోండి అని లోపలికి పోయిండు. సాయంత్రం నేను కూరగాయలకు అదే బండేసుకొని పోతుంటే, అమ్మ గేటు కాడ నిలబడి చూసింది. నేను మొఖం అటు తిప్పుకున్న.

అబద్ధం కూడ పూర అబద్ధం కాదు బిడ్డా, గదే తమాషా. బ్యాటరీ నిజంగనే ముసల్దైంది. కొత్తపేట కాడ బ్యాటరీలాయన పరీక్ష చేసి, "అన్నా, ఇది పోయింది, ఇయ్యాలనో రేపో నడిమిట్ల ఇడిసిపెడ్తది" అని మొఖం మీదనే చెప్పిండు. నేనేం చేసిన? డిస్టిల్డ్ వాటర్ పోసుకుంట, సున్నం గీక్కుంట నెట్టుకొచ్చిన. ఈ బంద్‌లల్ల బండి నడుస్తనే లేదు, కొత్తదెందుకు అనుకున్న. మన గల్లీ చివర నీళ్ళ ట్యాంకు కాడ దిగుడు ఉండె కదా, బండి గాడ పెడ్తుంటి. పొద్దుగాల బ్రేకు ఇడిస్తే జారుతది, రెండో గేర్ల క్లచ్ ఇడిస్తే ఠక్కున అందుకుంటది. మీ నాయనమ్మకు గొప్పలు చెప్పుకున్న, నా తెలివి ముందట బ్యాటరీ ఎందుకు అని. బలుపు.

గా దినం వంటా వార్పు. అంటే రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి, వండుకొని, ఆడనే తినుడు. బండ్లు పోకుంట అదో తీరు కొట్లాట. గల్లీ చివర మెయిన్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టిండ్రు. కట్టెలకు, గిన్నెలకు జాగ గావాలె అన్నా, బండి జర తియ్యమన్నరు. నేను ఇంజన్ కూడ లేపలే, జార్చుకుంటనే తెచ్చి ఇంటి ముందట చదునుల పెట్టిన. పెట్టి, పోయి వాళ్ళతోని వంకాయలు కోసుకుంట కూసున్న. మైకుల పాటలు మోగుతున్నయి. మంచి ఉషారుగుంటిమి.

పగటీలి పన్నెండు దాటింది. అమ్మ ఉరికొచ్చింది. అన్నపూర్ణమ్మ అని పేరు. కాళ్ళకు చెప్పుల్లేవు. "అన్నయ్యగారూ, ఆయనకి గుండెల్లో నొప్పంటున్నారు, చెమటలు పోసేస్తున్నాయి, రండి." అంబులెన్సుకు ఫోన్ చేసిందట, రోడ్లన్ని బందున్నయి, ఎంతసేపైతదో చెప్పలేమన్నరంట. నేను కత్తి ఆడనే పారేసి ఉరికిన. తాళం తిప్పిన.

టక్.

మళ్ళ తిప్పిన. టక్. అంతే. అమ్మా, బ్యాటరీ డౌన్ అయింది అన్న. నా నోట్ల మాట నోట్లనే ఉంది, ఆమె రెండు చేతులు జోడించింది. "అన్నయ్యగారూ, ఈ ఒక్కసారికి ఆ మాట అనకండి. మేం మీవాళ్ళం కాకపోవచ్చు, ఆయన మీ అబ్బాయికి చదువు చెప్పారు" అన్నది. బిడ్డల మీద ఒట్టు అమ్మా, నిజంగ లేస్తలేదు అన్న. నమ్మలే. ఎట్ల నమ్ముతది? నేను ఇంకా ఏదో చెప్తనే ఉన్న, ఆమె ఇనకుంట ఆటో కోసం అటు చివరకు ఉరికింది. వంటా వార్పు నాడు ఆటో యాడుంటది? నేనొక్కన్ని బండి తోసుకుంట, మళ్ళ లోపలికి ఉరికి స్టీరింగు పట్టుకుంట... చదునుల డీజిల్ బండి ఒక్కనితోని అయితదా? పొయ్యిల కాడ అంతమంది ఉన్నరు, పిలుద్దామన్న బుద్ధి కూడ పుట్టలే నాకు. ఆమె ఉత్త చేతులతోని తిరిగొచ్చేదాంక పావుగంట పోయింది. పావుగంట బిడ్డా.

అప్పుడు మెదిలింది నాకు, తోపిచ్చి లేపినా తొవ్వల ఆగితే మళ్ళ లేవది, మైకుకు బ్యాటరీ ఉంటది కదా అని. పోయి చెప్పిన. ఒక్కరన్న వాళ్ళెవరు, ఏ ఊరోళ్ళు అని అడగలే, నిజం చెప్పాలె. పాట నడుమనే మైకు బందు చేసిండ్రు. ఇద్దరు బ్యాటరీ మోసుకొచ్చిండ్రు. నాదేమో ఊడదు, సున్నం పట్టి నట్లు బిగుసుకపోయినయి. ఒకాయన పొయ్యి మీద మసిలే ఎసరు చెంబుతోని ముంచుకొచ్చి బుడిపెల మీద పోసిండు. బుస్సుమని పొంగి కరిగింది సున్నం. పానా పట్టింది. వాళ్ళది పెద్ద బ్యాటరీ, లోపల పట్టలే, తాడుతోని కట్టి, బానెట్ సగం మూసి దానికీ తాడు కట్టినం. లేసింది బండి. సారును నలుగురు ఎత్తుకొచ్చి వెనుక సీట్ల పండవెట్టిండ్రు. పొయ్యిలు జరిపి తొవ్వ ఇచ్చిండ్రు. అన్నం గిన్నె ఒకటి ఒరిగింది, ఎవ్వరు చూడలే.

సారు మాట్లాడుతుండె అప్పుడింకా. కొత్తపేట దాటంగ అడిగిండు, "బ్యాటరీ మార్పించారా యాదగిరిగారూ" అని. నేనేం చెప్తా? ఆఁ సార్ అన్న.

మలక్‌పేట దిక్కు ఒక దవాఖాన ముందట ఆపిన. స్ట్రెచర్ మీద తీస్కపోయిండ్రు. అమ్మ నా దిక్కు చూసింది, తోడు వస్తనేమో అని. నేను దిగలే. మైకు బ్యాటరీ పొద్దుటి సంది పాటలకే ఖర్చయింది, ఇంజన్ బందు చేస్తే మళ్ళ లేస్తదో లేదో. ఆడ డాక్టరు లేడు, ఇంకో దవాఖానకు పొమ్మంటే ఎట్ల? గా భయంతోని కాలు ఆక్సిలేటర్ మీద పెట్టి గట్లనే కూసున్న. ఆమె ఒక్కతే పోయింది లోపలికి. ఆమె చెయ్యి పట్టుకునేటందుకు ఒక్క మనిషి లేకపాయె.

అరగంటనో, ముప్పావు గంటనో. బండి ఊగుతుంది, నేను ఊగుతున్న. వచ్చింది ఆమె. మెట్లు మెల్లగ దిగి, నా పక్క అద్దం కాడికొచ్చి నిలబడ్డది. ఏడుస్తలేదు. బానెట్ కట్టిన తాడు దిక్కు చూసింది. చానసేపు చూసింది. అటెన్క నా దిక్కు.

"ఇంక ఆపేయండి అన్నయ్యగారూ. తొందరేం లేదు" అన్నది.

...

నాకు తాళం తిప్పస్తలే. ఆమెనే లోపలికి చెయ్యి పెట్టి బందు చేసింది.

పా బిడ్డా. ఇగ ఆదివారం అనకు. కొత్తపేటల గా బ్యాటరీలాయన దుకాణం ఇప్పుడు కొడుకు చూస్తుండు, నేను కూడ వస్త నడువు. సల్లగుండు తల్లీ, నీ బండి పిలిస్తే పలకాలె. ఎవలన్న నీ ఇంటి ముందట నిలబడ్డనాడు... ఏం లేదు తియ్. చెప్పులు యాడున్నయి నాయి?