ఐదు వేళ్ల సైగ

బీరంగూడ స్కూల్ గ్రౌండ్‌లో సాఫ్ట్‌బాల్ ప్రాక్టీస్ ముగిసింది. అందరూ వెళ్లిపోయాక టెన్త్ చదివే అమ్మాయి ఒక్కతే కోచ్ మేడం దగ్గర ఆగింది.

“మేడం, కాలేజీల మీరేసే బంతి మా అమ్మ ఒక్కతే పట్టేదట గదా?”

“అవును బిడ్డా. బ్యాటు పట్టినోళ్ల ఎనక గొంతుకూసొని వేళ్లతోని సైగ చేసేది. ఒక వేలంటే స్పీడు, రెండంటే స్లో. ఆమె చెప్పిందే నేనేస్తుంటి. యూనివర్సిటీ కప్పు గట్లనే గెలిచినం. తర్వాత నేను టీచర్‌నైన, ఆమె పటాన్‌చెరు కంపెనీల ప్యాకింగ్‌కు పోయింది.”

“మాకు నేర్పుడే గానీ, మీరెందుకు బంతి ఎయ్యరు?”

“మీ అమ్మ పోయినంక ఎయ్య బుద్ధి కాలే.”

“ఐదు వేళ్లు కిందికి పెట్టి ఆడిస్తే ఏంది మేడం?”

“గది నీకెట్ల తెల్సు? మా ఇద్దరి మధ్యల సైగ గది.”

“దవాఖానల ఆఖరి రోజు, మూతికి మాస్కుండె, మాట రాకపాయె. నన్ను సూసుకుంట గట్ల ఆడించింది. చెప్పుండ్రి మేడం.”

“నీకు నచ్చింది ఎయ్యి, ఏదేసినా నేను పట్టుకుంట అని.”

అమ్మాయి చేతికున్న గ్లవ్ మెల్లగా విప్పింది.

“మమ్మల్ని పొమ్మంటుందనుకొని, నాన్న, నేను బయటికొచ్చినం మేడం.”